రెండేళ్ల నురగ

నెల్లిమర్లలో మిల్లు గేటుకెదర మేడ మీది బారులో
నేను పోసిన మొదటి సీసా
సగం బల్లే తాగింది.

ఎత్తు నుంచి వంచేశాను మరి,
కుండలోంచి ముంతలోకి కల్లు దించినట్టు.
గ్లాసు నిండా తెల్లటి మబ్బు,
అడుగున ఇంత బీరు.
“ఏట్రా గుంటడా, గెడ్డం గీసుకోమంతావేటి?”
అన్నాడు తాగడానికొచ్చినాయన.
చుట్టూ బల్లలన్నీ నవ్వాయి.

తవిటయ్య నవ్వలేదు.
వెనక కుళాయి దగ్గరికి లాక్కెళ్లి
ఇంకో గ్లాసులో నాలుగు చుక్కలు పోసి
బల్బుకెదురుగా పట్టాడు.
“గోడకి బుడగలంటుకున్నాయి, సూసినావా?
అక్కడ సబ్బున్నాది. నేదంతే బజ్జీ నూనున్నాది.
మేనేజరు కాడ కడిగీసినానని సెప్పు.
నురగ కాడ సెప్పకు.”
గుప్పెడు నౌపడ ఉప్పిచ్చి తోమమన్నాడు.
గుడ్డతో తుడవబోతే చేతి మీద కొట్టాడు.
బోర్లించి ఆరనివ్వాలట.

మర్నాడు భయంతో
గ్లాసు పూర్తిగా వంచి, చివరిదాకా వంచే ఉంచి
పసిపిల్ల చెవిలో చుక్కల మందు వేసినట్టు పోశాను.
నురగన్నదే లేదు.
“గాలి గ్లాసులో ఒగ్గకపోతే
ఆడి కడుపులో ఒగ్గుతాది.
సగం దాకా ఒంచు. ఆ తరవాత నిలబెట్టు.
పైన రెండేళ్ల నురగుండాల.”

ఎవరి వేళ్లు అనడిగాను.
నిజంగానే అడిగాను. నా వేళ్లప్పుడు సన్నం.
కిటికీ పక్క బల్ల నుంచి గురువులు చెయ్యెత్తాడు,
మిల్లులో మరకి రెండు వేళ్లిచ్చిన చెయ్యి.
“ఇదెట్టి కొలు బావూ,
నాకు నురగ తక్కువ, బీరెక్కువ!”
ఆ నవ్వుకి అతని గ్లాసే కాస్త ఒలికింది.

ఎండాకాలంలో సీసాల్ని ఐసుపెట్టెలో మరిచిపోయాను.
రెండు పగిలాయి. జీతంలో కోత.
దాని గురించి చెప్పేదేం లేదు.

గేటుకి నోటీసు అంటించిన నాడు
గురువులు ఏడింటికొచ్చాడు, ఒక్కడూ.
చెప్పులకి చంపావతి ఇసుక.
చేతిలో క్యారేజీ, మూత తియ్యనిది.
ఒకటే సీసా అన్నాడు, డబ్బులు ముందే బల్ల మీద పెట్టి.

చక్కగా పోశాను. వంచి, నిలబెట్టి,
రెండు వేళ్లు, నా వేళ్లే.
ఏడున్నరకి గ్లాసు సగమైంది.
ఎనిమిదికీ సగమే.
పాపం మాటల్లో పడి మర్చిపోయాడేమో అనుకున్నాను.
ఎవరితో మాటలు, ఎదుట కుర్చీ ఖాళీ కదా,
అదీ ఆలోచించలేదు.
సీసాలో మిగిలిందంతా తీసి
అంచుదాకా నింపేశాను.

అతను గ్లాసు వైపు చూశాడు.
తర్వాత గోడ గడియారం వైపు.
“ఎందుకు పోసినావురా,” అన్నాడు, మెల్లిగా.
“పదింటి దాకా రావాలది.”

బి షిఫ్టు దిగేది పదింటికి.
ఇంట్లో ఇంకా చెప్పలేదన్నమాట.

తవిటయ్య అంతా విన్నాడు.
ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పళ్లెం తెచ్చి పెట్టాడు,
బిల్లులో రాయలేదు.
వెళ్తూ నా చెవిలో
“సగం గ్లాసులో పొయ్యకూడదు.
అది సెప్పడం మరిసిపోనాను,” అన్నాడు,
తప్పు తనదైనట్టు.

పదింటికి సైరన్ మోగలేదు.
గురువులు అలవాటు చొప్పున లేచి
క్యారేజీ చేతికి తగిలించుకుని
మెట్లు దిగాడు.

ఖాళీ గ్లాసు బల్బుకెదురుగా పట్టుకున్నాను.
ఆ పూట ఉప్పుతో బాగా తోమిన గ్లాసు,
నురగ చివరిదాకా నిలబడింది.
గుక్కకో గీత లోపలి గోడ మీద,
పై నుంచి కిందికి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ,
కండెకి చుట్టిన జనపదారంలా.
లెక్కపెట్టబోయాను.
ఇరవై మూడు దగ్గర
మేనేజరు లైట్లార్పమన్నాడు.